పాత క్యామ్‌కార్డర్ టేపును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే వీడియో ఎందుకు తడబడుతుంది?

చాలా ఇళ్లలో బీరువా అడుగు అరలో, పట్టుచీరల పక్కన నాలుగైదు చిన్న క్యాసెట్లు ఉంటాయి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి. వాటిపై బాల్‌పెన్నుతో 'అక్క పెళ్లి - 2', 'బాబు అన్నప్రాసన' అని రాసి ఉంటుంది. 2000వ సంవత్సరానికి కొంచెం అటూ ఇటూగా తీసిన ఈ మినీ డీవీ టేపుల్లో ఇప్పుడు లేని తాతలు నడుస్తుంటారు, నాయనమ్మలు మాట్లాడుతుంటారు. ఫొటోలైతే ఇంకెక్కడైనా ప్రతులు దొరకవచ్చు. వాళ్ల నడక, గొంతు మాత్రం ఆ టేపులోనే ఉన్నాయి.

ఏదో ఒక సెలవురోజున ఎవరో పాత క్యామ్‌కార్డర్‌ను దులిపి, వైరు వెతికి, కంప్యూటర్‌కు తగిలిస్తారు. టేపు తిరుగుతుంది, ఫైలు తయారవుతుంది. తెరిచి చూస్తే తలంబ్రాల కోసం లేచిన చేతులు గాలిలోనే ఆగిపోతాయి, మరుక్షణం కిందికి వచ్చేస్తాయి. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. కాసేపు చూశాక 'టేపు పాడైపోయింది' అని తేల్చి క్యాసెట్లను పక్కన పడేస్తారు.

తొందరపడి ఇచ్చే ఈ తీర్పు చాలాసార్లు తప్పు. టేపు మీద ఉన్న బొమ్మ కంటికి చేరేలోపు నాలుగు చోట్ల చేతులు మారుతుంది. మొదట క్యామ్‌కార్డర్‌లోని హెడ్డు టేపును చదవాలి. చదివినదాన్ని వైరు మోయాలి. మోసుకొచ్చినదాన్ని కంప్యూటర్ డిస్కు మీద రాసుకోవాలి. రాసుకున్నదాన్ని మరో సాఫ్ట్‌వేర్ తెర మీద చూపించాలి. ఈ నాలుగింటిలో ఏది తడబడినా కంటికి కనిపించేది ఒకటే, 'వీడియో సాఫీగా లేదు' అని. చికిత్స మాత్రం దేనికదే వేరు. హెడ్డు మురికిగా ఉంటే కంప్యూటర్ మార్చి లాభం లేదు. చూపించే సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే టేపును పదిసార్లు తిప్పడం వల్ల అరుగుదల తప్ప ఒరిగేదేమీ లేదు.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. టేపులో అంత ముఖ్యం కాని ఒక పది నిమిషాల భాగాన్ని రెండుసార్లు కంప్యూటర్‌లోకి ఎక్కించి, బొమ్మ ఆగిన చోట్లను కాగితం మీద రాసుకుంటే చాలు. రెండుసార్లూ అవే చోట్ల ఆగితే అనుమానం టేపు మీద. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే చాలావరకు వైరు, కంప్యూటర్‌ల మీద. ప్రత్యేకంగా ఒకచోట అని కాకుండా మొదటి నుంచి చివరి దాకా, ముఖ్యంగా ఎవరైనా వేగంగా కదిలినప్పుడల్లా వణికినట్టు ఉంటే ఎక్కించడంలో తప్పేమీ లేదు, చూపించడంలోనే ఉంది. ఈ పరీక్షకు ముందు క్యాసెట్ అంచున ఉండే చిన్న మీటను 'సేవ్' వైపు జరపడం మరిచిపోకూడదు. అలా చేస్తే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత దృశ్యం చెరిగిపోదు.

టేపు మీద ఏముంది?

మినీ డీవీ 1995లో మార్కెట్లోకి వచ్చింది. దాని టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. గంట నిడివి టేపు పొడవు దాదాపు 68 మీటర్లు. అది సెకనుకు సుమారు 19 మిల్లీమీటర్ల వేగంతో, చీమ నడకలా కదులుతుంది. ఇంత నెమ్మదిగా కదిలే టేపు మీద సెకనుకు 25 పూర్తి బొమ్మలు ఎలా పడతాయి? టేపు నెమ్మదిగా వెళ్లినా హెడ్డు వేగంగా తిరుగుతుంది కాబట్టి. క్యామ్‌కార్డర్ లోపల దాదాపు 22 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక చిన్న లోహపు డ్రమ్ము నిమిషానికి 9,000 సార్లు తిరుగుతుంది. దానికి ఎదురెదురుగా రెండు హెడ్లు ఉంటాయి. టేపు ఆ డ్రమ్ముకు ఏటవాలుగా చుట్టుకుని సాగుతుంది. ప్రతి హెడ్డూ టేపును తాకిన ప్రతిసారీ ఒక ఏటవాలు గీత గీస్తుంది లేదా చదువుతుంది. ఈ గీతనే ట్రాక్ అంటారు.

సెకనుకు 150 చుట్లు, చుట్టుకు రెండు ట్రాకులు, మొత్తం 300. భారతదేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి ఒక్కో ఫ్రేముకు 12 ట్రాకులు. ఒక్కో ట్రాక్ వెడల్పు 10 మైక్రోమీటర్లు, తల వెంట్రుక మందంలో చిన్న భాగం. ఎక్కువసేపు రికార్డు చేసుకునే 'ఎల్‌పీ' పద్ధతిలో అది 6.7 మైక్రోమీటర్లకు తగ్గిపోతుంది. అప్పట్లో టేపు ఖర్చు మిగులుతుందని ఎల్‌పీలో తీసిన వీడియోలే ఇప్పుడు ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నాయి. ఒక క్యామ్‌కార్డర్ గీసిన అంత సన్నని గీత మీద మరో క్యామ్‌కార్డర్ హెడ్డు సరిగ్గా నడవలేదు. అలాంటి టేపును వీలైతే తీసిన క్యామ్‌కార్డర్‌లోనే ఆడించాలి.

పాత వీహెచ్‌ఎస్ టేపులా కాకుండా మినీ డీవీలో ఉన్నది అంకెల రూపంలోని సమాచారం. ఒక్కో పాల్ ఫ్రేము సరిగ్గా 1,44,000 బైట్లు. సెకనుకు 36 లక్షల బైట్లు, గంటకు దాదాపు 13 గిగాబైట్లు. కంప్యూటర్‌లోకి ఎక్కించడమంటే బొమ్మను మళ్లీ చిత్రీకరించడం కాదు, ఈ అంకెలను ఉన్నవున్నట్టు దించుకోవడం. సరిగ్గా దించుకుంటే ఫైలు టేపులోని సమాచారానికి అచ్చమైన ప్రతి. చిత్రీకరించిన తేదీ, సమయం కూడా ప్రతి ఫ్రేముతో పాటు దిగుతాయి. పెళ్లి వీడియోలో ముహూర్తం ఏ నిమిషానికి జరిగిందో, ఆ రోజు క్యామ్‌కార్డర్ గడియారం సరిగ్గా ఉండి ఉంటే, ఇప్పటికీ తెలుసుకోవచ్చు.

టేపు ఎవరి కోసమూ ఆగదు

పెన్‌డ్రైవ్ నుంచి ఫైలు కాపీ చేసేటప్పుడు కంప్యూటర్‌కు వేరే పని తగిలితే కాపీ కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఒక ముక్క చెడిపోయి వస్తే మళ్లీ పంపమని అడుగుతుంది. టేపు విషయంలో ఈ సౌకర్యం లేదు. డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, టేపు సాగుతూనే ఉంటుంది. కుళాయి కింద పట్టిన బిందె లాంటిది కంప్యూటర్. బిందె పక్కకు జరిగిన క్షణంలో కారిన నీళ్లు కారిపోయినట్టే.

డీవీ క్యామ్‌కార్డర్లలో ఉండే ఫైర్‌వైర్ అనే కనెక్షన్ ఈ ప్రవాహం కోసమే ఎంచుకున్నది. ఐ ట్రిపుల్ ఈ 1394 అనేది దాని ప్రామాణిక పేరు. సోనీ పరికరాల మీద 'ఐ.లింక్' అని రాసి ఉంటుంది. ఈ తీగ మీద కాలాన్ని సెకనుకు 8,000 భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగంలోనూ వీడియోకు కొంత చోటు ముందే కేటాయిస్తారు. ఒక్కో ప్యాకెట్‌లో 480 బైట్ల వీడియో సమాచారం ఉంటుంది. అంటే పాల్ ఫ్రేముకు 300 ప్యాకెట్లు, సెకనుకు 7,500. సమయానికి చేరడం ఖాయం. కానీ చేరని ప్యాకెట్‌ను మళ్లీ పంపే ఏర్పాటు ఇందులో లేదు.

వచ్చిన ఫ్రేములను కంప్యూటర్ ముందు మెమరీలో పేర్చుకుని, అక్కడి నుంచి డిస్కు మీదికి పంపుతుంది. డిస్కు ఒక్క క్షణం మొరాయించినా మెమరీలో పేర్చిన వరుస నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చిన ఫ్రేములకు చోటుండదు. వాటినే సాఫ్ట్‌వేర్ 'డ్రాప్డ్ ఫ్రేమ్స్' అని లెక్క చూపిస్తుంది. ఆ లెక్క చూపని సాఫ్ట్‌వేర్‌ను ఈ పనికి వాడకపోవడమే మంచిది. విండోస్‌లో విన్‌డీవీ, లినక్స్‌లో డీవీగ్రాబ్ వంటి చిన్న, ఉచిత ప్రోగ్రాములు ఈ పనిని నిజాయితీగా చేస్తాయి. హంగులున్న ఎడిటింగ్ ప్యాకేజీల కంటే ఇవే నయం. సాఫ్ట్‌వేర్ లెక్క చెప్పకపోయినా మనమే వేసుకోవచ్చు. సరిగ్గా పది నిమిషాల పాల్ టేపుకు 15,000 ఫ్రేములు రావాలి. 14,700 వచ్చాయంటే 300 ఫ్రేములు, అంటే మొత్తం మీద 12 సెకన్ల బొమ్మ కారిపోయిందన్నమాట.

సెకనుకు 36 లక్షల బైట్లు రాయడం నేటి డిస్కుకు లెక్కలోది కాదు. మరి ఎందుకు మొరాయిస్తుంది? నెమ్మదైన పెన్‌డ్రైవ్ మీదికి నేరుగా రాయించడం ఒక సాధారణ కారణం. వచ్చిన ప్రతి ఫైలునూ యాంటీవైరస్ తనిఖీ చేయడం, దాన్ని అప్పటికప్పుడే క్లౌడ్‌లోకి పంపే ఫోల్డర్‌లో ఫైలు పెట్టడం, కరెంటు పొదుపు కోసం ల్యాప్‌టాప్ డిస్కును నిద్రపుచ్చడం మరికొన్ని కారణాలు. ఈ పని కోసం అటక మీది నుంచి దించిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో ఇంకో చిక్కుంటుంది. డిస్కులో కొన్ని తప్పులు ఎదురయ్యాక ఆ వ్యవస్థ దాన్ని డీఎంఏ అనే వేగవంతమైన పద్ధతి నుంచి పీఐఓ అనే పాత పద్ధతికి చెప్పకుండా మార్చేస్తుంది. అప్పుడు ప్రతి బైటునూ ప్రాసెసరే స్వయంగా మోయాల్సి వస్తుంది, ఫ్రేములు రాలిపోతాయి. డివైస్ మేనేజర్‌లో ఆ డిస్కు చానల్‌ను తొలగించి కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేస్తే సాధారణంగా డీఎంఏ తిరిగి వస్తుంది.

ప్రతిసారీ దాదాపు ఇరవై నిమిషాల దగ్గర రికార్డింగు ఆగిపోతుంటే కారణం వేరు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు. డీవీ వీడియో ఆ హద్దును చేరేది అక్కడే. డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మారిస్తే సరిపోతుంది. మార్చడమంటే మళ్లీ ఫార్మాట్ చేయడమైతే అందులో ఉన్నవి ముందు వేరేచోట దాచుకోవాలి.

ఎక్కిస్తూనే వీడియోను చిన్న ఫైలుగా కుదించమని అడగడం ఎక్కువ మంది చేసే పొరపాటు. కుదింపు ప్రాసెసర్‌కు భారమైన పని. కుళాయి కింద బిందె పట్టుకున్న మనిషికే కూరగాయలు తరిగే పని కూడా అప్పగించడం లాంటిది. ముందు ఉన్నదున్నట్టు దించుకోవాలి. కుదింపు రాత్రి తీరిగ్గా చేసుకోవచ్చు.

యూఎస్‌బీ వైరు చేసే మోసం

ఫైర్‌వైర్ సాకెట్ ఉన్న కంప్యూటర్ ఇప్పుడు అరుదు. కాబట్టి క్యామ్‌కార్డర్ పక్కన కనిపించే యూఎస్‌బీ సాకెట్‌నే చాలామంది వాడతారు. 2000 దశకపు అనేక డీవీ క్యామ్‌కార్డర్లలో ఆ సాకెట్ ఉన్నది మెమరీ కార్డులోని ఫొటోల కోసం, లేదా క్యామ్‌కార్డర్‌ను వెబ్‌క్యామ్‌లా వాడుకోవడం కోసం. దాని గుండా వచ్చే వీడియో టేపులోని అసలు సమాచారం కాదు. అప్పటికప్పుడు బాగా కుదించిన, చిన్న సైజు నకలు. అది తడబడడంలో ఆశ్చర్యం లేదు. ఫైలులో బొమ్మ సైజు 720 × 576 కాకుండా 320 × 240 అని కనిపిస్తే జరిగింది ఇదేనని తెలుసుకోవచ్చు. కొన్ని మోడళ్లు యూఎస్‌బీ ద్వారా కూడా పూర్తి డీవీని పంపుతాయి, కానీ అవి తక్కువ.

ఆన్‌లైన్‌లో ఒక చివర ఫైర్‌వైర్, మరో చివర యూఎస్‌బీ పిన్ను ఉన్న వైర్లు వంద, రెండు వందలకు దొరుకుతాయి. క్యామ్‌కార్డర్ నుంచి వీడియో దించడానికి అవి పనికిరావు. ఈ రెండు కనెక్షన్ల భాషలు వేరు, మధ్యలో అనువదించే చిప్పు ఆ వైరులో ఉండదు. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో పెట్టుకునే ఫైర్‌వైర్ కార్డు, లేదా ఫైర్‌వైర్ సాకెట్ ఉన్న పాత ల్యాప్‌టాప్ సరైన దారి. యాపిల్ కంప్యూటర్లలో కొంతకాలం అడాప్టర్ల ద్వారా ఈ పని నడిచింది. 2025లో విడుదలైన మాక్‌ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్‌కు మద్దతునే తీసేశారు. వైరు తగిలించేటప్పుడు రెండు పరికరాలూ ఆపి ఉంచడం మంచిది. పిన్నును తిరగేసి గుచ్చితే క్యామ్‌కార్డర్‌లోని సాకెట్ కాలిపోయే ప్రమాదముంది. ఇప్పుడు దాన్ని బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం.

ఫ్రేము ఒకటే, క్షణాలు రెండు

ఎక్కించిన ఫైలులో ఒక్క ఫ్రేము కూడా పోలేదు. లెక్క సరిగ్గా ఉంది. అయినా బొమ్మ వణుకుతోంది. కదిలే చేతి అంచు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తోంది. ఇది కొత్త తెర మీద పాత బొమ్మకు వచ్చే తంటా.

గాజు పిక్చర్ ట్యూబు టీవీ బొమ్మను ఒకేసారి గీసేది కాదు. ముందు ఒకటి విడిచి ఒకటి గీతలు, ఆ తర్వాత మిగిలిన గీతలు గీసేది. సగం గీతలున్న ఒక్కో వంతును ఫీల్డు అంటారు. క్యామ్‌కార్డర్ కూడా అలాగే చిత్రీకరించింది. పాల్‌లో 576 గీతల ఫ్రేములో 288 గీతలు ఒక క్షణానివి, మిగతా 288 గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతి క్షణానివి. అంటే సెకనుకు 25 ఫ్రేములే ఉన్నా కదలిక 50 మెట్లలో నమోదైంది. పాత టీవీలో పెళ్లి వీడియో అంత సాఫీగా కనిపించడానికి కారణం ఇదే.

కంప్యూటర్ తెర మొత్తం ఫ్రేమును ఒకేసారి చూపిస్తుంది. రెండు క్షణాలు ఒకే బొమ్మలో కలిసిపోయి దువ్వెన పళ్లు పుడతాయి. ఫీల్డులను విడదీసి చూపించే ప్రక్రియను డీఇంటర్‌లేసింగ్ అంటారు. అందులో రెండు రకాలున్నాయి. మొదటిది ప్రతి ఫ్రేముకు ఒక బొమ్మనే ఇస్తుంది. దువ్వెన పళ్లు పోతాయి కానీ సగం కదలిక కూడా పోతుంది. చూసేవాళ్లకు 'ఇదివరకు ఇంకా సాఫీగా ఉండేదే' అనిపించేది అందుకే. రెండోది ప్రతి ఫీల్డునూ ఒక పూర్తి బొమ్మగా పెంచి సెకనుకు 50 చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్లలో దీని పేరు 'బాబ్' అనో, 'యాడిఫ్ 2ఎక్స్' అనో ఉంటుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఈ రెండోదాన్ని ఎంచుకుని చూస్తే, అంతకు ముందు పాడైందనుకున్న టేపు ఒక్కసారిగా బాగుపడినట్టు కనిపించడం మామూలే.

వరుస తప్పితే మాత్రం సంగతి మరీ వింతగా ఉంటుంది. డీవీలో కింది ఫీల్డు ముందు, పైది తర్వాత. చాలా ఇతర పద్ధతుల్లో దీనికి రివర్సు. సాఫ్ట్‌వేర్ పొరపడితే క్షణాలు 1, 2, 3, 4 అని కాకుండా 2, 1, 4, 3 అని వస్తాయి. నడిచే మనిషి ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి వేస్తున్నట్టు ఉంటుంది. 'ఫీల్డ్ ఆర్డర్' అనే చోట 'బాటమ్ ఫస్ట్' అని మారిస్తే పోతుంది. డీఇంటర్‌లేస్ చేయకుండా బొమ్మ సైజు మార్చి కుదించేస్తే రెండు క్షణాల గీతలు శాశ్వతంగా కలిసిపోతాయి. ఆ ఫైలును తర్వాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. అసలు డీవీ ఫైలును దాచుకోమనడానికి ఇది ఒక్కటే చాలు.

అమెరికాలోని బంధువులు పంపిన టేపుల దగ్గర మరో చిక్కు వస్తుంది. అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. సెకనుకు 29.97 ఫ్రేములు, ఫ్రేముకు 480 గీతలు. హైదరాబాద్‌లో కొన్న పాల్ క్యామ్‌కార్డర్ సాధారణంగా ఆ టేపును సరిగ్గా ఆడించలేదు. ఇక్కడి టేపుకు అక్కడా అదే గతి. క్యాసెట్ ఆకారం మాత్రం ఒకటే కావడంతో ఈ తేడా ఎవరికీ తట్టదు. ఒకవేళ రెండు రకాలూ ఎక్కించగలిగినా, రెంటినీ కలిపి ఒకే వీడియోగా ఎడిట్ చేస్తే కుదుపు తప్పదు. 25 ఫ్రేములను 30గా సాగదీసినప్పుడు సాఫ్ట్‌వేర్ ప్రతి అయిదో బొమ్మను రెండుసార్లు చూపిస్తుంది. 30ని 25కి తగ్గించినప్పుడు సెకనుకు దాదాపు అయిదు బొమ్మలు పారేస్తుంది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యాల్లో ఈ కుదుపు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఏ టేపును ఆ వేగంలోనే విడిగా ఉంచడం ఉత్తమం.

తప్పు నిజంగా టేపుదే అయినప్పుడు

క్యామ్‌కార్డర్ సొంత తెర మీద కూడా బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంటే కంప్యూటర్‌ను వదిలేసి హెడ్డు వైపు చూడాలి. బొమ్మ విరిగిన తీరే కారణం చెబుతుంది. ఫ్రేములోని 12 ట్రాకుల్లో ఒక్కోటి బొమ్మలోని ఒక్కో అడ్డపట్టీకి చెందుతుంది. రెండు హెడ్లు ట్రాకులను వంతులవారీగా చదువుతాయి. ఒక హెడ్డుకు మురికి పడితే పట్టీ విడిచి పట్టీ చెడిపోతుంది. అడ్డంగా చారలు చారలుగా, ఒకటి బాగా, ఒకటి గళ్లుగా కనిపిస్తే టేపుకు ఏమీ కాలేదని ఆశ పెట్టుకోవచ్చు. డ్రై క్లీనింగ్ క్యాసెట్‌ను దాని మీద రాసిన కొద్ది సెకన్లు మాత్రమే ఆడించి చూడాలి. అది గరుకుగా ఉంటుంది కాబట్టి పదేపదే వాడితే హెడ్డే అరిగిపోతుంది.

చదవలేకపోయిన చోట క్యామ్‌కార్డర్ ఊరుకోదు. ముందు ఫ్రేములోని అదే గడిని తెచ్చి అతికిస్తుంది. అందుకే పెళ్లికూతురు ముఖం కదులుతుండగా పక్కనున్న గోడ, చెయ్యి స్తంభించిపోయి కనిపిస్తాయి. మేలు చేసే విషయమేమిటంటే, 'ఈ గడి అసలుది కాదు, అతికించినది' అన్న గుర్తు కూడా డీవీ సమాచారంలో రాసి ఉంటుంది. డీవీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఈ గుర్తులను చదివి ఏ ఫ్రేములో ఎంత భాగం అతుకులో చెబుతుంది. ఒకే టేపును రెండు మూడు సార్లు ఎక్కించిన ఫైళ్లను ఇస్తే, ప్రతిదానిలోనూ బాగా చదవగలిగిన గళ్లను ఏరి ఒకే ఫైలుగా కూర్చుతుంది. ఒకసారి ఎక్కించినప్పుడు పోయిన ముక్క మరోసారి దొరకడం అరుదేమీ కాదు.

హెచ్‌డీవీ క్యామ్‌కార్డర్లతో తీసినవాళ్లకు ఇంత అదృష్టం లేదు. 2003లో ప్రకటించిన ఈ పద్ధతి అదే క్యాసెట్ మీద హై డెఫినిషన్ వీడియోను ఇరికించింది. అందుకోసం ఫ్రేములను విడివిడిగా కాకుండా గుంపులుగా కుదిస్తుంది. పాల్ దేశాల్లో ఒక్కో గుంపు 12 ఫ్రేములు. టేపు మీద చిన్న మచ్చ వల్ల ఒక్కోసారి గుంపంతా పోయి అర సెకను బొమ్మ ఆగిపోతుంది.

ఏళ్లుగా కదలకుండా ఉన్న టేపును నేరుగా ఆడించకుండా ముందు చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటిదాకా వెనక్కి తిప్పాలి. చుట్టలో బిగువు సమంగా సర్దుకుంటుంది. కోస్తా జిల్లాల ఉక్కపోతలో దాచిన క్యాసెట్లకు బూజు ముప్పు ఎక్కువ. కిటికీలోంచి చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని క్యామ్‌కార్డర్‌లో పెట్టకూడదు. ఆ బూజు డ్రమ్ముకు అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి టేపుకూ పాకుతుంది. అలాంటి క్యాసెట్‌ను అనుభవమున్నవాళ్లకు అప్పగించాలి. ఏసీ గదిలోంచి క్యామ్‌కార్డర్‌ను ఉక్కపోతలోకి తెచ్చిన వెంటనే ఆన్ చేయడమూ ప్రమాదమే. డ్రమ్ము మీద చెమ్మ చేరి టేపు దానికి అతుక్కుపోతుంది. తెర మీద తేమ గుర్తు కనిపిస్తే కనీసం గంటసేపు వదిలేయాలి. తేమ పీల్చడానికి కొందరు బియ్యం డబ్బాలో పెడతారు. బియ్యపు దుమ్ము హెడ్డుకు తేమ కంటే పెద్ద శత్రువు. సిలికా జెల్ పొట్లాలు చాలు.

అంతకు ముందు తరం టేపులు

వీహెచ్‌ఎస్, వీడియో 8, హై 8 క్యాసెట్లలో ఉన్నది అంకెలు కాదు, అనలాగ్ సంకేతం. అక్కడ తడబాటుకు మూలం సమయం. పాల్ బొమ్మలో ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు పట్టాలి. సాగిన టేపు, అరిగిన మోటారు ఈ లయను తప్పిస్తాయి. పాత టీవీలు ఆ తప్పును సర్దుకుపోయేవి. చవక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం సర్దుకోదు. లయ అందనప్పుడు ఫ్రేమునే వదిలేస్తుంది. మాట మాత్రం ఆగకుండా రికార్డవుతుంది. గంట గడిచేసరికి పంతులుగారి పెదవులకూ మంత్రాలకూ పొంతన ఉండదు.

ఇక్కడ కావలసింది టైమ్ బేస్ కరెక్టర్. వచ్చిన గీతలను కాసేపు మెమరీలో ఆపి, సమానమైన ఎడంతో మళ్లీ పంపే పరికరం ఇది. విడిగా కొనాలంటే ఖరీదు. 1999లో వచ్చిన డిజిటల్ 8 క్యామ్‌కార్డర్లలో కొన్ని పాత వీడియో 8, హై 8 టేపులను ఆడించి, ఈ సవరణ కూడా చేసి, డీవీగా మార్చి ఫైర్‌వైర్ మీద పంపుతాయి. ఆ టేపులున్నవాళ్లకు ఇంతకంటే సులువైన దారి లేదు. వీహెచ్‌ఎస్‌కైతే బయటి సంకేతాన్ని లోపలికి తీసుకుని డీవీగా మార్చి పంపగల మినీ డీవీ క్యామ్‌కార్డర్‌ను వీసీఆర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టవచ్చు.

అన్నిటికంటే వేగంగా తరిగిపోతున్నది టేపు కాదు, దాన్ని ఆడించే యంత్రం. ప్రపంచంలో చివరిగా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. అయస్కాంత టేపుల విషయంలో యునెస్కో, అంతర్జాతీయ ధ్వని, దృశ్య భాండాగారాల సంఘం కలిసి 2019లో హెచ్చరిక కార్యక్రమం మొదలుపెట్టాయి. ఆడించే యంత్రాలు, విడిభాగాల కొరత వల్ల 2025 నాటికి మామూలుగా టేపులు ఎక్కించడం చాలాచోట్ల ఆగిపోవచ్చన్నది ఆ హెచ్చరిక. ఆ ఏడాది దాటిపోయింది. ఇళ్లలో ఇంకా పనిచేస్తున్న క్యామ్‌కార్డర్లు ఎప్పటిదాకా తిరుగుతాయో చెప్పలేం. అందుకే టేపులు ఎక్కువగా ఉన్నప్పుడు పరీక్షలు ముఖ్యం కాని టేపు మీద చేసి, అన్నీ కుదిరాక తాతగారున్న టేపును పెట్టడం తెలివైన పని.

సొంతంగా చేసుకోలేనివాళ్లు స్టూడియోలకు, వీడియో షాపులకు ఇస్తారు. అక్కడ మామూలుగా డీవీడీ గానీ, పెన్‌డ్రైవ్‌లో చిన్న ఎంపీ4 ఫైలు గానీ ఇస్తారు. రెండూ కుదించినవే. తేదీ, సమయం వాటిలో సాధారణంగా మిగలవు. ఫీల్డులు కలిసిపోయి ఉండే అవకాశమూ ఎక్కువే. మినీ డీవీ టేపు ఇచ్చేటప్పుడే ఒక మాట అడగాలి, 'ఫైర్‌వైర్‌తో ఎక్కించి, అసలు డీవీ ఫైలు ఇస్తారా?' అని. ఇస్తామంటే ఖాళీ హార్డ్ డిస్కు తీసుకెళ్లాలి. గంట టేపుకు 13 గిగాబైట్ల ఫైలు తిరిగి వస్తే పని సరిగ్గా జరిగినట్టు. ఒకటి రెండు గిగాబైట్లే వస్తే ఆ టేపును పారేయకుండా బీరువాలో మళ్లీ దాచుకోవాలి.